లెక్కకు లెక్క

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభ, బద్వేలు. సంఘం లీడరు ఒకరు చేసిన ప్రసంగం. ఆమె రాసుకొచ్చిన కాగితాల నుంచి ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నాం.)



ఇంటి ఖర్చు తగ్గించుకొనే అలవాట్ల మీద పది నిమిషాలు మాట్లాడమన్నారు. నేను పదో తరగతి వరకు చదివినాను. మైకు ముందర నిలబడితే నాకు కాళ్లు వణుకుతాయి. అందుకే రాసుకొని వచ్చినాను. మధ్యలో ఆగితే నవ్వుకోండి గానీ లేచిపోవద్దండి. భోజనాలకు ఇంకా టైముంది.

మన కడప జిల్లాలో డబ్బును లెక్క అంటాం. "లెక్క ఉందా?" అంటే చేతిలో డబ్బు ఉందా అని. బయటి నుంచి వచ్చిన సార్లకు ఈ మాట మొదట్లో అర్థం కాదు. మా దగ్గర ముందు పని చేసిన సీసీ సారుది గుంటూరు వైపు. ఒక అక్క "సార్, ఈ నెల నాకు లెక్క రాలేదు" అంటే, "పర్వాలేదమ్మా, కాలిక్యులేటర్‌తో నేను చేసిస్తా" అన్నాడు. డబ్బుకూ, దాన్ని రాసుకోవడానికీ మనకు ఒకటే మాట. కానీ మన ఇండ్లలో మొదటి లెక్క వస్తుంది, పోతుంది. రెండో లెక్క మాత్రం ఎవరి ఇంట్లోనూ ఉండదు. నేను చెప్పేది ఆ రెండో లెక్క సంగతి.

మా అమ్మ పుట్టిల్లు వెలిగొండల అవతల, నెల్లూరు జిల్లా వైపు. సారా వద్దని దూబగుంట ఆడోళ్లు లేచింది ఆ జిల్లాలోనే. 1993లో ప్రభుత్వం సారా నిలిపింది. ఆ తర్వాత అక్కడ 'పొదుపు లక్ష్మి' అని రోజుకు ఒక రూపాయి దాచుకోవడం మొదలైంది. మా పెద్దమ్మ కూడా అందులో చేరింది. నేను అప్పుడు చిన్నపిల్లను. పెద్దమ్మ ఎసట్లో పోసే బియ్యంలో నుంచి రోజూ ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. నెలాఖరుకు అవి అమ్మితే సంఘానికి కట్టే లెక్క వచ్చేది. ఈ పిడికెడు బియ్యం కథ మనం ప్రతి ట్రైనింగులో వింటాం, చప్పట్లు కొడతాం. నేనూ కొట్టినాను. అయితే ఆ పిడికెడు ఎవరి పళ్లెంలోది అని ఒక్క ట్రైనింగులో కూడా ఎవరూ అడగలేదు. పెదనాయన పళ్లెంలోది కాదు. పిల్లోళ్ల పళ్లెంలోది అసలే కాదు.

నా సంగతి చెప్తాను. మా ఇంటాయన బేల్దారి పని చేస్తాడు. నేను మిషన్ కుడతాను. ఇద్దరు పిల్లోళ్లు, మా అత్త, మేమిద్దరం. పెండ్లయినప్పటి నుంచి నాకు పొదుపుగా ఉండే పిల్ల అని మంచి పేరు. అందరూ తిన్నాక తినేదాన్ని. కూర అయిపోతే ఊరిబిండి, అదీ లేకపోతే మజ్జిగలో ఉప్పేసుకొని తాగి పడుకునేదాన్ని. పొద్దున టీ తాగితే మధ్యాహ్నం దాకా అదే. దీన్నే నేను పొదుపు అనుకున్నాను. మా అత్త కూడా పదిమందిలో మెచ్చుకొనేది.

ఐదేండ్ల కిందట సంఘం మీటింగులో తీర్మానం పుస్తకం రాస్తా ఉండి కళ్లు తిరిగి పడిపోయినాను. ఆస్పత్రిలో రక్తం చూస్తే 6.4 ఉంది. ఆడోళ్లకు 12 ఉండాలంట. డాక్టరమ్మ "ఏం తింటావమ్మా?" అని అడిగింది. "మిగిలింది తింటాను మేడమ్" అన్నాను. తమాషాకు అనలేదు, నిజంగానే నాకు వేరే జవాబు తెలీదు. రెండు బాటిళ్లు రక్తం ఎక్కించినారు. పరీక్షలు, మందులు, బండి బాడుగ, నేను పదిహేను రోజులు మిషన్ తొక్కని నష్టం, అన్నీ కలిపి 16,000 అయింది.

మంచం మీద పడుకొని ఒక లెక్క వేసినాను. నేను తినకుండా మిగిల్చింది రోజుకు పదిహేను రూపాయలు అనుకుందాం. ఏడాదికి 5,475. మూడేండ్లకు 16,425. మూడేండ్లు కడుపు మాడ్చుకొని మిగిల్చింది నాలుగు రోజుల్లో ఆస్పత్రికి పెట్టి వచ్చినాము. అదన్నా మిగిలిన లెక్కతో కట్టినామా అంటే అదీ లేదు. అప్పు తెచ్చి కట్టినాం. పాత అప్పు 20,000 అప్పటికే నూటికి ఐదు రూపాయల వడ్డీతో ఉంది. దానికి తోడు రోజువారీ ఫైనాన్సులో 10,000 తీసుకున్నాం.

ఈ రోజువారీ ఫైనాన్సు మీలో చాలామందికి తెలుసు. చేతులెత్తమని అడగనులెండి. 10,000 అని రాసుకొని 1,500 ముందే పట్టుకొని 8,500 చేతిలో పెడతారు. రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాల. "1,500 తోనే అయిపోతుంది కదా, నూటికి పదిహేను రూపాయలే కదా" అనుకుంటాం. మా బుక్‌కీపరు, నేను ఒక సాయంత్రం కూర్చొని చూసినాము. మొదటి రోజు మన చేతిలో 8,500 ఉంటుంది. రోజూ కడతా పోతే వందో రోజుకు ఏమీ ఉండదు. అంటే వంద రోజులూ సగటున మనం వాడుకున్నది 4,250 మాత్రమే. దాని మీద 1,500 వడ్డీ. నెలకు నూటికి పది రూపాయలు దాటుతుంది. మన సంఘంలో అంతర్గత అప్పు నూటికి రూపాయి. అది చూసినాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంఘం లీడరుగా ఊరంతా తిరిగి పంచసూత్రాలు చెప్తాను. మీటింగు, పొదుపు, అప్పు, తిరిగి కట్టడం, పుస్తకాలు రాయడం అని వేళ్లు మడిచి చెప్తాను. పదిమంది పుస్తకాలు రాసినాను గానీ నా ఇంటి పుస్తకం రాయలేదు.

అప్పుడు మొదలుపెట్టినాం. నా కూతురి పాత నోట్‌బుక్కులో వెనక మిగిలిన పేజీలు. ఎక్కువేమీ లేదు, తేదీ, దేనికి, ఎంత, ఎవరు పెట్టినారు. నాలుగు గళ్లు. మా అత్తకు నచ్చలేదు. "లెక్క రాస్తే లెక్క నిలుస్తుందా? మా కాలంలో ఏ పుస్తకం రాసి బతికినాం?" అంది. మా ఇంటాయన మొదటి వారం "ఇతర ఖర్చులు 300" అని రాసినాడు. మా అత్తకు చదువు రాదు, నేను చదివి వినిపిస్తా ఉంటే "ఈ ఇతర ఎవర్రా? దానికెందుకు మన లెక్క?" అని అడిగింది. ఆయప్ప సిగ్గుపడి మరుసటి వారం నుంచి టీ, బీడీ, స్నేహితునికి పెట్రోలు అని విడివిడిగా రాసినాడు. ఆ పొద్దు నుంచి మా అత్తే రోజూ రాత్రి పుస్తకం తెమ్మంటుంది. సీరియల్ అయిపోయినాక మా ఇంట్లో అదే కార్యక్రమం.

మొదటి నెల కూడితే వచ్చింది ఇది. ఇంటికి వచ్చింది మొత్తం 15,100. అంగడికి 4,600. వడ్డీలకు 1,450. పాలకు 600. పిల్లోళ్లు బడికి పోతా కొనుక్కొనే చిరుతిండ్లు 570. ఆయన టీ, బీడీ, ఫోను 1,500 దాకా. నా పేరుతో ఉన్నది 85 రూపాయలు, అందులో తలనొప్పి మాత్రలు కూడా ఉన్నాయి. ఆ 85 మా ఇంటాయన రెండుసార్లు చూసినాడు. ఏమీ అనలేదు. మరుసటి రోజు నుంచి నాతో పాటు కూర్చొని తినడం మొదలుపెట్టినాడు. వేరే రోజుల్లో తొందరగా తినేసి లేచిపోయే మనిషి.

ఇంట్లో అందరూ తాగే పాలకు 600, మనం ఎవరమూ తినని, తాగని వడ్డీకి 1,450. మన పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది కదా, అందులో చెరువుకు ఉండకూడని ఆరు దోషాలు రాసినారంట, మొదటిదే కట్టలో నుంచి నీళ్లు ఊరిపోవడం అంట. నా కూతురి బడిలో సారు చెప్తే వచ్చి నాకు చెప్పింది. నేను అంతవరకూ చెరువులో నీళ్లు తాగే పిట్టలను తోలుతా ఉన్నాను. కట్ట వైపు చూడలేదు.

సంఘంలో 30,000 అప్పు అడిగినాను. లీడరే అప్పు అడిగితే ఎట్లా అని సిగ్గు. తీర్మానం రాసేదాన్ని కూడా నేనే. సభ్యులు ఒప్పుకున్నారు. ఐదు రూపాయల వడ్డీ అప్పు 20,000 తీర్చినాను. ఫైనాన్సుకు మిగిలిన 4,000 కట్టేసినాను. అంగడి బాకీ 6,000 కట్టినాను. నెలకు 1,500 అసలు, దాని మీద నూటికి రూపాయి వడ్డీ. ఇరవై నెలలు పట్టింది. ఇరవై నెలలకు నేను కట్టిన వడ్డీ మొత్తం 3,150. ఆ 20,000 పాత అప్పు అట్లనే పెట్టుకొని ఉంటే, ఇరవై నెలలకు వడ్డీయే 20,000 అయ్యేది, అసలు కదలకుండా అట్లనే ఉండేది. నేను జీవితంలో వేసిన గ్యాసు లెక్కలు, కరెంటు లెక్కలు అన్నీ కలిపినా దీనికి సరిపోవు.

ఒక మాట దాచకుండా చెప్పాల. సంఘం కంతు కట్టడానికి రోజువారీ ఫైనాన్సు తెచ్చే వాళ్లు మనలో ఉన్నారు. బ్యాంకు సార్లు ఉన్నారని నేను దాచను, వాళ్లకూ తెలియాల. రికవరీ నూటికి నూరు అని మనం బోర్డు మీద రాసుకుంటాం. ఆ నూరులో కొంత ఎక్కడి నుంచి వచ్చిందో అడగం. మా సంఘంలో ఇప్పుడు ఒక ఒప్పందం పెట్టుకున్నాం. కంతుకు లెక్క లేని అక్క మీటింగుకు రెండు రోజుల ముందే నోరు తెరిచి చెప్పాల. ఆ నెల సంఘం పొదుపులో నుంచి సర్దుతాం. చెప్పినందుకు ఎవరూ ఎగతాళి చేయకూడదు. ఇప్పటికి ఏడుసార్లు అట్ల సర్దినాం, ఆరు తిరిగి వచ్చినాయి. ఏడోది వస్తుంది, ఆమె మొగుడికి చెయ్యి విరిగింది.

అంగడి బాకీ సంగతి. మా వీధి అంగడాయన మంచోడే. ఇంట్లో గింజ లేని రోజు ఆయనే ఇచ్చినాడు, ఆ మాట మర్చిపోను. కానీ ఖాతా ఉన్న వాళ్లం ధర అడగలేం. పావు కేజీ కందిబ్యాళ్లు, యాభై రూపాయల నూనె అని రోజూ పిల్లోళ్లను పంపుతాం. పిల్లోడు బ్యాళ్లతో పాటు ఒక కుర్‌కురే తెచ్చుకుంటాడు, అదీ ఖాతాలోనే. బాకీ తీర్చినాక నెలకు ఒకసారి చీటీ రాసుకొని రెండు అంగళ్లలో ధర అడిగి కొంటున్నాం. చిరుతిండ్లకు బదులు శెనక్కాయలు వేయించి బెల్లంతో పెడుతున్నాను. రోజూ తినరు, వారానికి రెండు రోజులు కుర్‌కురే కొనుక్కోనిస్తాను. పిల్లోళ్లు కదా.

పంట వచ్చినప్పుడు కలిసి కొనడం మా సంఘంలో పదిమందిమి చేసినాం. సంక్రాంతి దాటినాక కందులు రైతు దగ్గరే కొన్నాం. ఎర్రమన్ను పట్టించి, ఎండబెట్టి, మిల్లులో పప్పు చేయించినాం. వేపాకు వేసి డబ్బాల్లో పెట్టినాం. బాగా వచ్చింది. ఆ ఉత్సాహంలో శివరాత్రి తర్వాత చింతపండు 60 కేజీలు కొన్నాం. అక్కడ దెబ్బ తిన్నాం. చెమ్మ ఉందని చూడలేదు. చవకగా వచ్చిందని ప్లాస్టిక్ సంచుల్లో కట్టి నా ఇంట్లో పెట్టినాం. వానలు పడే నాటికి నల్లగా అయి పురుగు పట్టింది. 12 కేజీలు పారేసినాం. ఇద్దరు అక్కలు రెండు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. వాళ్ల తప్పేం లేదు, లెక్క వాళ్లది. మరుసటి ఏడు మా అత్తను అడిగినాం. రెండు ఎండలు బాగా ఎండబెట్టి, ఈనెలు, గింజలు తీసి, రాళ్ల ఉప్పు కలిపి, ముద్దలు చేసి జాడీలో అదిమి పెట్టమంది. అట్ల పెట్టిన ముద్ద ఏడాది దాటినా బాగుంది. ఆమె పుస్తకం రాయకుండా బతికింది నిజమే గానీ, ఆమెకు తెలిసింది మేము అడిగితే కదా.

ఇంక వంటింటి చిన్న చిన్న సంగతులు. ఇవి మీకు తెలిసినవే, తొందరగా చెప్తాను. కందిబ్యాళ్లు అర్ధగంట ముందు నానబెట్టాల. ఎసరు మరిగినాక మంట తగ్గించాల, మూత పెట్టాల. నీళ్లు కాగడానికి గ్యాసు వద్దు, మన ఊర్లలో కందికట్టె, పత్తికట్టె చేలల్లో ఊరకనే దొరుకుతాయి. పత్తికట్టె మాత్రం బయటి పొయ్యిలోనే పెట్టండి, మందు కొట్టిన చేనుది, పొగ మంచిది కాదు. పాత 60 వాట్ల బల్బు రోజుకు ఐదు గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు. 9 వాట్ల ఎల్ఈడీ అయితే యూనిట్టున్నర కూడా కాదు. స్టోరు బియ్యం తినమని కొంతమంది పది రూపాయలకు అమ్మేసి, అంగట్లో యాభై పెట్టి కొంటారు. స్టోరు బియ్యం సంగటికి బాగుంటాయి, దోసెపిండికీ బాగుంటాయి. రాగిపిండి కలిపితే నాలాంటి వాళ్లకు రక్తానికీ మంచిది. పెద్ద ప్యాకెట్టే ఎప్పుడూ చవక అనుకోవద్దండి. షాంపూ మేము లెక్క వేస్తే చిన్న ప్యాకెట్లే చవక పడినాయి, సీసా కాదు. టీపొడి, నూనె మాత్రం చిన్న ప్యాకెట్లలో నష్టం.

ఫోన్‌పే వచ్చినాక ఒక కష్టం వచ్చింది. నోటు ఇస్తే చేతికి తెలుస్తుంది, ఫోను అయితే తెలీదు. మా ఇంటాయన ఇప్పుడు వారానికి 300 నోట్లు జేబులో పెట్టుకొని పోతాడు, బయట ఖర్చు అందులోనే. ఇది ఆయనే పెట్టుకున్న పద్ధతి. బీడీలు మానలేదు గానీ తగ్గించినాడు.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పాలని వచ్చిన సంగతి. మా సంఘంలో ఒక అక్క బాగా పొదుపు. పుస్తకం కూడా అందరికన్నా శుభ్రంగా రాస్తుంది. ఆమె పెద్ద పాప పది పాసయినాక ఇంటర్‌కు బద్వేలు రావాల. బస్సు చార్జీలు, పుస్తకాలు, బట్టలు అని లెక్క వేసి "ఒక రెండేండ్లు ఇంట్లోనే ఉంటే నాకు మిషన్ పనిలో సాయం అవుతుంది, ఖర్చూ మిగులుతుంది" అంది. మీటింగులో చెప్పింది ఇది, పొదుపు అలవాట్లు చెప్పమంటే. ఇద్దరు ముగ్గురు తల ఊపినారు కూడా. ఆ రోజు పుస్తకాలు ఒకరివి ఒకరం చూసుకొనే రోజు. ఆమె పుస్తకంలో నెలకు 1,200 ఫోను కంతు అని ఉంది. కొడుకుది. పిల్లోడు తొమ్మిదో తరగతి. పాప బస్సుకు, పుస్తకాలకు ఆమె వేసుకున్న లెక్క నెలకు 900. పుస్తకం చేతులు మారుతూ పోయింది. నేనేమీ అనలేదు, వేరే వాళ్లూ అనలేదు. పుస్తకం తిరిగి ఆమె చేతికి వచ్చినాక చాలాసేపు ఆ పేజీనే చూస్తా కూర్చుంది. జూన్‌లో పాప కాలేజీలో చేరింది. ఫోను కంతు ఇంకా నడుస్తానే ఉంది, అది వేరే సంగతి.

ఆ అక్కను తప్పు పట్టడానికి చెప్పలేదు. నేను నా తిండి కోసుకున్నాను, ఆమె కూతురి చదువు కోయబోయింది. ఖర్చు తగ్గించండి అనగానే మన చెయ్యి ముందు మన మీదికో, ఆడపిల్ల మీదికో పోతుంది. మాత్రలు సగం కోర్సుకే ఆపేస్తాం. చెప్పులు తెగినా పిన్నీసు పెట్టి నడుస్తాం. అదే పెద్దమనిషి ఫంక్షన్‌కు టెంటు, డీజే, ఫ్లెక్సీ అంటే అప్పు తెచ్చి చేస్తాం. ఫంక్షన్లు వద్దనను. చదివింపులు ఎవరు ఎంత పెట్టినారో ముప్పై ఏండ్ల కిందటివి కూడా మనం రాసి దాచుకుంటాం కదా. అంత బాగా రాయడం వచ్చిన వాళ్లం, "ఎవరి కోసం" అనే గడి ఒకటి ఇంటి పుస్తకంలో కూడా పెట్టుకుంటే చాలు. మా పుస్తకంలో ఇప్పుడు ఐదో గడి అదే. పోయిన నెల నా పేరుతో 640 ఉంది. రక్తం 11.2 ఉంది. ఇంకా 12 కాలేదు.

సమాఖ్య ఈ ఏడాది నివేదికలో పొదుపు ఎంత, అప్పు ఎంత, రికవరీ ఎంత అని పట్టికలు వేస్తారు. మా సంఘం తరఫున ఒక అభ్యర్థన. ఎంతమంది సభ్యులు రక్తం పరీక్ష చేయించుకున్నారు, ఎంతమంది బయటి వడ్డీ నుంచి బయటపడినారు అనే రెండు గళ్లు కూడా ఆ పట్టికలో పెట్టమని అడుగుతున్నాం. తీర్మానం కాపీ తెచ్చినాను, అధ్యక్షురాలు అక్కకు ఇస్తాను.

శివరాత్రి అయినాక మళ్లీ చింతపండు కొంటాం. ఈసారి చెమ్మ చూసే పని మా అత్తది. వేరే సంఘాల వాళ్లు కూడా కలవచ్చు. కావాల్సిన వాళ్లు భోజనాల దగ్గర మా బుక్‌కీపరుకు పేరు, ఎన్ని కేజీలు కావాలో చెప్పండి. కేజీకి ఇరవై రూపాయలు అడ్వాన్సు. ఉప్పు, జాడీ ఎవరివి వాళ్లే తెచ్చుకోవాల.